ఐదెకరాల్లో లేఅవుట్: వీధులు, ప్లాట్లు ఎలా గీయాలి

ఊరి చివర మీ అన్నదమ్ములందరికీ కలిపి ఐదెకరాల చేను ఉందనుకుందాం. పక్కన తారు రోడ్డు పడింది. చుట్టూ వెంచర్లు లేస్తున్నాయి. మీరూ ప్లాట్లు వేద్దామనుకున్నారు. ఇలాంటప్పుడు చాలామంది పాస్‌బుక్ నకలు పట్టుకుని ప్లాన్లు గీసే ఆఫీసుకు వెళ్లి, "ఎకరానికి ఎన్ని గజాలు వస్తాయి?" అని అడుగుతారు. వాళ్లు చేను చూడకుండానే రెండు రోజుల్లో గళ్ల కాగితం లాంటి ప్లాను చేతిలో పెడతారు. అందులో పార్కు ఎక్కడుందని వెతికితే, ప్లాటుకు పనికిరాక మిగిలిన వంకర మూలలో కనిపిస్తుంది.

నేను చాలా ఏళ్లుగా ఈ ప్లాన్లు గీస్తున్నాను. మొదట్లో నేనూ గజాల లెక్కతోనే మొదలుపెట్టేవాణ్ణి. ఇప్పుడు వరుస తిప్పేశాను. ముందు నీళ్లు, తర్వాత పార్కు, తర్వాత రోడ్లు, అన్నిటికన్నా చివర ప్లాట్లు. ప్లాటు కొలత తప్పితే ఇరుగుపొరుగు ఇద్దరూ కూర్చుని సరిచేసుకోవచ్చు. రోడ్డు తప్పితే అరవై ఇళ్ల వాళ్లు ఒక్కమాట మీదికి రావాలి, అది జరగదు. మీరు ఈ రోజు గీసిన వీధిలోనే మీ మనవళ్లు కూడా నడుస్తారు. అందుకే పెన్సిల్ పట్టే ముందు కొంత పని ఉంది.

ముందు చేనంతా నడవండి

రెండుసార్లు నడవండి. ఒకసారి మామూలు రోజున, ఒకసారి గట్టి వాన పడిన మర్నాడు. రెండోసారి వెళ్లడానికి ఒక నెల ఆగాల్సి వస్తే ఆగండి. ఆ చేను దున్నిన మనిషిని వెంట తీసుకెళ్లండి. కౌలుకు చేసిన రైతు అయితే ఇంకా మంచిది.

తెనాలి వైపు ఒక మాగాణి చూడటానికి వెళ్లినప్పుడు, ఏళ్ల తరబడి అక్కడ కౌలు చేసిన పెద్దాయన నన్ను ఒక మడి దగ్గర ఆపాడు. "ఇక్కడ నీళ్లు మూడు రోజులు పోవు సారూ, పై చేల నీళ్లన్నీ ఈ బోదెలోకే వస్తాయి" అన్నాడు. సర్వే కాగితంలో ఆ బోదె లేదు. అది ఎవరి పేరునా లేదు, ప్రభుత్వ కాలువా కాదు. కానీ నలభై ఎకరాల నీళ్లు దాని మీదుగా పోతున్నాయి. ఆ మాట వినకపోతే సరిగ్గా ఆ బోదె మీద ఎనిమిది ప్లాట్లు పడేవి.

నడిచేటప్పుడు ఇవి రాసుకోండి: ఎత్తు ఎటు, పల్లం ఎటు, మీ చేలోకి నీళ్లు ఎక్కడ వస్తున్నాయి, ఎక్కడ బయటికి పోతున్నాయి, పాత బావులు, బోర్లు, పెద్ద చెట్లు, కరెంటు లైన్లు, జనం నడిచే కాలిబాట. పక్క వెంచర్ల రోడ్లు మీ గట్టు దగ్గర ఎక్కడ ఆగాయో తప్పకుండా గుర్తు పెట్టండి. దీనితో తర్వాత చాలా పని ఉంది.

సర్వే, లెవెల్స్

పాస్‌బుక్‌లో ఐదెకరాలు ఉన్నంత మాత్రాన నేల మీద ఐదెకరాలు ఉండకపోవచ్చు. ఎఫ్‌ఎంబీ గానీ తెలంగాణలో అయితే టిప్పన్ గానీ, అంటే సర్వే నంబరు కొలతల పటం తీసుకుని, పక్క రైతులను పిలిచి, వాళ్ల ముందే హద్దులు కొలిపించండి. గట్టు తగాదా ఉంటే ఇప్పుడే తేలాలి. ప్లాట్లు అమ్మాక తేలితే ఆ తగాదా కొన్నవాళ్ల నెత్తి మీద పడుతుంది.

టోటల్ స్టేషన్ అనే సర్వే యంత్రంతో కొలిచేవాళ్లు హద్దులు మాత్రమే కొలిచి వెళ్లిపోతారు. మీరు అడిగి లెవెల్స్, అంటే నేల ఎత్తుపల్లాల కొలతలు కూడా తీయించండి. ప్రతి 30 అడుగులకు ఒక లెవెల్ తీసి, ఎత్తులో అడుగు తేడాకు ఒక గీత చొప్పున కాంటూరు మ్యాపు వేయమనండి. మీ గట్టు దాటి మరో వంద అడుగుల దాకా, రోడ్డు పక్క కాలువ అడుగు లెవెల్ దాకా తీయించాలి. మీ నీళ్లు చివరికి చేరేది ఆ కాలువలోకే. దాని అడుగు మీ చేను కన్నా ఎత్తుగా ఉందని ఇళ్లు కట్టాక తెలిస్తే చేయగలిగింది తక్కువ. ఈ పనికి అయ్యే ఖర్చు ఒక ప్లాటు ధరలో చిన్న ముక్క. దీని దగ్గర పొదుపు చేయొద్దు.

ముట్టుకోకూడని గీతలు

మ్యాపు మీద ఎర్ర పెన్నుతో ముందు ఇవి గీయండి.

చెరువు, కుంట, వాగు పక్కన ఉంటే బఫర్, అంటే ఏమీ కట్టకుండా ఖాళీ పట్టీ వదలాలి. 2012 నాటి జీవో 168 ప్రకారం, 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకు, కుంటకు 9 మీటర్లు వదలాలి. 10 మీటర్లకు మించి వెడల్పున్న వాగుకు, కాలువకు 9 మీటర్లు, చిన్న వాటికి 2 మీటర్లు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు చేరే గీత. ఎండాకాలంలో నీరు ఉన్న చోటు నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది. నీటిపారుదల శాఖ దగ్గర ఆ గీత రాయించుకున్న కాగితం తీసుకోండి.

ఇది కేవలం అనుమతి కోసం అనుకోకండి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో చెరువుల కింద వెలిసిన కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ జనం రోజుల తరబడి నీళ్లలో ఉన్నారు. మేడ మీద పిల్లల్ని పెట్టుకుని పాల ప్యాకెట్ కోసం ఎదురుచూసిన తల్లులను ఆ రోజుల్లో మనమందరం చూశాం. అలాంటి చోట ప్లాటు గీసిన చేతుల్లో నా చెయ్యి ఉండకూడదని నేను గట్టిగా అనుకుంటాను. మీరూ అనుకోండి.

హైటెన్షన్ లైను పోతుంటే దాని కింద కారిడార్ వదలాలి. మామూలుగా 132 కేవీకి 27 మీటర్లు, 220 కేవీకి 35 మీటర్ల వెడల్పు. ఆ పట్టీలో రోడ్డు వేయొచ్చు, పచ్చిక పెంచొచ్చు. పిల్లలు ఆడుకునే పార్కు అదేనని మాత్రం చూపించొద్దు.

మాస్టర్ ప్లాన్‌లో మీ చేను మీదుగా అరవై అడుగులో వందడుగులో రోడ్డు ప్రతిపాదన ఉందేమో చూడండి. హైదరాబాద్ చుట్టూ హెచ్‌ఎండీఏ పరిధిలో అయితే 2031 మాస్టర్ ప్లాన్, మిగతా చోట్ల మీ పట్టణాభివృద్ధి సంస్థ ప్లాన్. ఇక డొంకలు, పుంతలు, బండ్ల బాటలు ఉంటే వాటిని కలిపేసుకోవడం నేరం. వాటిని మీ రోడ్లలో భాగంగా నిలబెట్టండి. వాటి మీద నడిచేవాళ్లకు దారి ఉంటుంది, మీకు తగాదా ఉండదు.

నీటి దారి, దాని వెంటే పార్కు

కాంటూరు మ్యాపు మీద పై గట్టు నుంచి కింది గట్టు దాకా నీళ్లు పోయే దారిని నీలం పెన్నుతో గీయండి. మీ ప్రధాన రోడ్డో, రోడ్డు పక్క కాలువో, పార్కో ఈ దారి వెంట ఉండాలి. ప్లాట్లు దీని మీద ఉండకూడదు. మట్టి పోసి ఎత్తు చేస్తాం కదా అంటారు. మీ చేను ఎత్తు చేస్తే నీళ్లు మాయం కావు, పక్కవాడి ఇంట్లోకి పోతాయి.

కొంచెం లెక్క చూద్దాం. ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్లు. ఐదెకరాలకు రెండు లక్షల లీటర్లు. అది చేనుగా ఉన్నప్పుడు నేల తాగేది. రేపు సిమెంటు రోడ్లు, స్లాబులు వచ్చాక చాలావరకు బయటికే పరుగెత్తుతుంది.

పార్కు గొప్పగా పనికొచ్చేది ఇక్కడే. మన దగ్గర ఎక్కువ చోట్ల మొత్తం విస్తీర్ణంలో 10 శాతం ఖాళీ స్థలంగా వదలాలి. ఐదెకరాలంటే 24,200 గజాలు, అందులో 2,420 గజాలు పార్కు. ఆ పార్కును చేనులో పల్లపు వైపు పెట్టి, రోడ్డు కన్నా ఒక అడుగు కిందికి ఉంచితే, ఐదెకరాల మీద పడిన మూడు సెంటీమీటర్ల వాన మొత్తం అందులో పట్టేస్తుంది. అడుగున రెండు మూడు ఇంకుడు గుంతలు, కాలువలోకి ఒక అలుగు లాంటి దారి ఉంచితే ఒక రోజులో ఇంకిపోయి, మర్నాడు సాయంత్రానికి పిల్లలు ఆడుకోవచ్చు. వేసవిలో కాలనీ బోర్లకు అదే ఆధారం. నల్లరేగడిలో నీళ్లు తొందరగా ఇంకవు. అక్కడ అడుగు బదులు ఆరంగుళాలు చాలు, అలుగు దారి కాస్త పెద్దది చేయండి.

పార్కును నాలుగు ముక్కలు చేయకండి. ఆరు వందల గజాల ముక్కలో ఎవరూ క్రికెట్ ఆడలేరు, ఎవరూ వాకింగ్ చేయలేరు. అది చెత్త పోసే చోటవుతుంది, తర్వాత కబ్జా అవుతుంది. ఒక్కటే పెట్టండి, నడిమధ్యకు తేగలిగినంత తేండి, కనీసం రెండు వైపులా రోడ్డు ఉండేలా చూడండి. ఇళ్ల ముఖాలు పార్కు వైపు ఉంటే కాపలా అక్కర్లేదు. వంటగది కిటికీలోంచి అమ్మలే చూసుకుంటారు.

కాలువ, చెరువు బఫర్ విషయంలోనూ ఇదే. ఇళ్ల వీపులు కాలువ వైపు ఉంటే ఐదేళ్లలో గోడలు ఒక్కో అడుగు వెనక్కి జరుగుతాయి, చెత్త అందులో పడుతుంది. కాలువ వెంట రోడ్డు పెట్టి, ఇళ్లు రోడ్డుకు అవతల పెడితే ఆక్రమించడానికి ఎవరికీ చోటుండదు. ఒక వైపే ప్లాట్లు ఉండే రోడ్డు దండగ అని మామూలుగా నేను వద్దంటాను. కాలువ పక్కన మాత్రం అదే సరైన పని.

రోడ్లు: వెడల్పు, పొడవు, మలుపు

30 అడుగులా 40 అడుగులా అనేది మీ పరిధిని బట్టి ఉంటుంది, జీవో మారినప్పుడల్లా మారుతుంది. ఈ నెలలో ఏ జీవో నడుస్తుందో టౌన్ ప్లానింగ్ ఆఫీసులో అడిగి, కాగితం చూసి నమ్మండి. ఎక్కడ అవకాశం ఉంటే అక్కడ లోపలి వీధులకు 40 అడుగులు ఉంచమనే నేను చెబుతాను. ఈ రోజు ఒక అంతస్తు ఇల్లు రేపు మూడంతస్తులవుతుంది, ఇంటికి రెండు కార్లు వస్తాయి, రోడ్డు మాత్రం అంతే ఉంటుంది.

వెడల్పు ఎంతన్నది ఒక సంగతి, దాన్ని ఎలా పంచుతామన్నది ఇంకో సంగతి. 40 అడుగుల్లో నడుమ 20 అడుగులు సిమెంటు రోడ్డు. రెండు వైపులా పదేసి అడుగులు మిగులుతాయి. అందులో రోడ్డుకు ఆనుకుని 4 అడుగులు చెట్లకు, స్తంభాలకు. 4 అడుగులు నడవడానికి. ప్లాటు గోడ పక్కన 2 అడుగులు కాలువకు. ఇది ప్లానులో అడ్డుకోత బొమ్మగా గీసి పెట్టకపోతే, కాంట్రాక్టరు తనకు తోచినట్టు వేస్తాడు, ఇంటివాళ్లు ర్యాంపును రోడ్డు మీదికి తెస్తారు. సేల్ డీడ్‌లోనే ఒక మాట రాయించండి: ర్యాంపు గేటు లోపలే ఉండాలి అని.

పాత హౌసింగ్ కాలనీల్లో ఇళ్ల వెనక సందులు ఉండేవి. ఇప్పుడు వాటి అవసరం లేదు. ప్లాట్లను వీపుకు వీపు ఆనించి రెండు వరుసలు వేయండి.

రోడ్లు నేల మీద కాస్తయినా వాలుగా ఉండాలి. కాలువకు 200 అడుగులకు ఒక అడుగు వాలు ఉంటే మురుగు నిలవదు. అంటే 500 అడుగుల వీధికి రెండున్నర అడుగుల తేడా కావాలి. మీ కాంటూరు మ్యాపులో ఆ తేడా ఏ దిక్కున దొరుకుతుందో పొడవాటి వీధులు ఆ దిక్కున పెట్టండి. నేలే వాలిస్తే మట్టి పని తగ్గుతుంది. రోడ్డు నడుమ నుంచి పక్కలకు నూటికి రెండు వంతుల వాలు, అంటే పదడుగులకు సుమారు రెండున్నర అంగుళాలు.

ఒక వీధి అడ్డరోడ్డు లేకుండా 400 అడుగులకు మించి సాగకూడదు. మించితే వెనక వీధిలోని దుకాణానికి వెళ్లడానికి ముసలాయన ఊరంతా చుట్టాలి. పైగా పొడవాటి తిన్నని రోడ్డు కుర్రాళ్ల బైకులకు రేసు కోర్సు అవుతుంది. అడ్డరోడ్లను ఎదురెదురుగా కలపకుండా కొంచెం జరిపితే నాలుగు రోడ్ల కూడలి బదులు రెండు టీ (T) ఆకారపు మలుపులు వస్తాయి. టీ మలుపు దగ్గర ప్రతివాడూ ఆగి చూడాల్సిందే, ప్రమాదాలు తగ్గుతాయి.

"మరి వీధిపోటు?" అంటారని తెలుసు. టీ మలుపులో రోడ్డు వచ్చి తగిలే ప్లాటును మనవాళ్లు కొనరు, కొన్నా ధర తగ్గిస్తారు. దానికి వాదించి లాభం లేదు, ప్లానులోనే దారి వెతకాలి. రోడ్డు తగిలే చోట పార్కు పెట్టండి, వాటర్ ట్యాంకు పెట్టండి, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. రోడ్డు మీద వస్తుంటే ఎదురుగా గోడ కాకుండా చెట్లు కనిపించే వీధి ఎంత హాయిగా ఉంటుందో మీకే తెలుస్తుంది. వీధిపోటు నమ్మకం వల్ల మన కాలనీలకు దొరికిన మేలు ఇది.

రోడ్డు చివర గురించి ఒక మాట మనసు పెట్టి వినండి. మీ వీధి మీ గట్టు దాకా వచ్చి ఆగినప్పుడు, దానికి, పక్క చేనుకు మధ్య అడుగు స్థలం మీ పేరున మిగుల్చుకోకండి. రేపు పక్కవాడు వెంచర్ వేసినప్పుడు దారి కావాలంటే డబ్బు అడగొచ్చనే ఆశతో కొందరు అలా చేస్తారు. దానివల్ల రెండు కాలనీల మధ్య గోడ లేస్తుంది. అంబులెన్సు కిలోమీటరు చుట్టి వస్తుంది. నేను గీసిన ఒక ప్లానులో యజమాని పట్టుబట్టి అలా ఉంచుకున్నాడు, నేను గట్టిగా కాదనలేకపోయాను. ఇప్పటికీ ఆ రెండు కాలనీల పిల్లలు బడికి మెయిన్ రోడ్డు మీదుగా వెళ్తున్నారు. రోడ్డును గట్టు దాకా, పూర్తి వెడల్పుతో తీసుకెళ్లండి. పక్క వెంచర్ రోడ్డు ఇప్పటికే వచ్చి ఆగి ఉంటే సూటిగా దానికి కలపండి. ఎటూ కలవని వీధి తప్పనిసరైతే చివర 9 మీటర్ల వ్యాసార్థంతో గుండ్రటి తిరుగుడు చోటు వదలాలి, చెత్త బండి వెనక్కి తిరగడానికి.

లెక్క: ఎన్ని గజాలు మిగులుతాయి

ఇప్పుడు గజాల సంగతికి వద్దాం. ఎకరం 4,840 గజాలు. మీ ఐదెకరాలు 440 అడుగుల వెడల్పు, 495 అడుగుల పొడవు ఉందనుకోండి. ముందు రోడ్డు 440 అడుగుల వైపు ఉంది.

వెడల్పును ఇలా కోయండి: 50 అడుగులు ప్లాట్లు, 40 రోడ్డు, 100 ప్లాట్లు రెండు వరుసలు, 60 నడి రోడ్డు, మళ్లీ 100 ప్లాట్లు, 40 రోడ్డు, 50 ప్లాట్లు. మొత్తం 440. పొడవులో నడుమ ఒక 40 అడుగుల అడ్డరోడ్డు, దాన్ని రెండు పక్కల గట్ల దాకా తీసుకెళ్లండి. మూడు పొడవాటి రోడ్లనూ వెనక గట్టు దాకా తీసుకెళ్లండి. నడుమ ఉన్న 100 అడుగుల వరుసల్లో పల్లపు వైపు ఒకచోట 218 అడుగుల పొడవు పార్కుకు వదిలితే 10 శాతం సరిపోతుంది. దానికి ఒక పక్క 60 అడుగుల రోడ్డు, మరో పక్క 40 అడుగుల రోడ్డు వస్తాయి.

రోడ్లకు 37 శాతం పైన, పార్కుకు 10 శాతం పోగా ప్లాట్లకు దాదాపు 52.7 శాతం మిగులుతుంది. సుమారు 12,750 గజాలు, ఎకరానికి 2,550. రెండు వందల గజాల చొప్పున 63 ప్లాట్లు. నడి రోడ్డును 40కి తగ్గించి ఆ 20 అడుగులను ప్లాట్ల లోతులో కలిపితే ఎకరానికి మరో 200 గజాలు వస్తాయి. కానీ ముందు రోడ్డుకు కలిసే దారి, రేపు వెనక వెంచర్లకు కూడా దారి అయ్యేది ఆ నడి రోడ్డే. నేనైతే దాన్ని తగ్గించను.

రోడ్ల వాటా తగ్గాలంటే రోడ్డు వెడల్పు మీద చెయ్యి వేయనక్కర్లేదు, ప్లాటు లోతు పెంచండి. 50 అడుగుల లోతు ప్లాట్లకు 40 అడుగుల రోడ్డు వేస్తే, ప్రతి 140 అడుగుల్లో 40 రోడ్డే, అంటే 28.6 శాతం. లోతు 60 చేస్తే 160లో 40, అంటే 25 శాతం. లోతు 45కి తగ్గిస్తే దాదాపు 31 శాతం. అడ్డరోడ్లు దీనికి అదనం. కానీ లోతు పెరిగేకొద్దీ ముఖం సన్నగా అవుతుంది. ముఖం ఒకటైతే లోతు రెండింతల లోపు ఉండాలి. 25 అడుగుల ముఖం, 70 అడుగుల లోతు ఉన్న ఇంట్లో మధ్య గదికి పగలే లైటు వేయాలి.

అమరావతి రైతులతో మీ లెక్క పోల్చుకోకండి. అక్కడ భూ సమీకరణలో ఎకరానికి మెట్టకైతే వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, నది పక్క సారవంతమైన జరీబు భూమికైతే వెయ్యి, 450 గజాలు తిరిగి ఇస్తామన్నారు. మిగతాది రాజధాని నగరానికంతటికీ కావాల్సిన పెద్ద రోడ్లకు, ప్రభుత్వ అవసరాలకు పోయేది. మీది ఒక్క కాలనీ.

దిక్కులు

ఉత్తర, దక్షిణాలుగా సాగే వీధిలో ప్లాట్లు తూర్పు, పడమర ముఖాలవుతాయి. తూర్పు, పడమరలుగా సాగే వీధిలో ఉత్తర, దక్షిణ ముఖాలవుతాయి. దక్షిణం ముఖం ప్లాటు నెమ్మదిగా అమ్ముడవుతుందని అమ్మేవాళ్లకు టెన్షన్. అందుకని నేల వాలు ఎటున్నా వీధుల్ని ఉత్తర దక్షిణాలుగా తిప్పేస్తారు.

ఎండ లెక్క వేరేగా ఉంటుంది. మన ప్లాట్లలో పక్కింటి గోడకు, మన గోడకు మధ్య నాలుగైదు అడుగులే సందు. పక్క గోడలకు నీడ పక్కింటిదే. ఎండ తగిలేది ముందు, వెనక గోడలకు. ఉత్తరం ముఖం, దక్షిణం ముఖం ఇళ్లకు మే నెల మధ్యాహ్నం మూడు గంటల పడమటి ఎండ నేరుగా గోడకు కొట్టదు. పడమర ముఖం ఇంటికి హాలంతా కాలిపోతుంది. కాబట్టి నేల వాలు తూర్పు పడమరలుగా వీధులు కోరితే భయపడకండి, అలాగే గీయండి. దక్షిణం ముఖం ప్లాట్లను కొన్ని పార్కు ఎదురుగా వచ్చేలా చూడండి, ధర దానంతటదే నిలబడుతుంది. పడమర ముఖం ప్లాట్ల ముందు వీధిలో చెట్లు దగ్గర దగ్గరగా పెట్టండి.

చెట్లంటే వేప, కానుగ లాంటివి. తొందరగా పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ పెట్టొద్దు, దాని వేళ్లు కాలువల్లోకి, పైపుల్లోకి దూరతాయి. రావి, మర్రి పార్కు నడుమ పెట్టండి, వీధిలో వద్దు.

ఇప్పుడు ప్లాట్లు

ఇక్కడికి వచ్చేసరికి పని సులువు. వరుసల్ని ముక్కలు చేయడమే. 36 అడుగుల ముఖం, 50 లోతు అయితే సరిగ్గా 200 గజాలు. 30 ముఖం అయితే 166.67 గజాలు. పెద్ద ప్లాట్లు 60 అడుగుల రోడ్డు మీద, చిన్నవి లోపలి వీధుల్లో. అన్నీ ఒకే సైజు వేయకండి. ఆటో డ్రైవరు కుటుంబం, టీచరు కుటుంబం ఒకే వీధిలో కొనుక్కోగలిగితేనే కాలనీ తొందరగా నిండుతుంది.

కార్నర్ ప్లాట్లకు నాలుగైదు అడుగుల ముఖం ఎక్కువ ఇవ్వండి. వాటికి రోడ్డున్న రెండు వైపులా సెట్‌బ్యాక్, అంటే ఇంటి ముందు వదలాల్సిన ఖాళీ పోతుంది. పైగా మలుపు దగ్గర మూలను కోయాలి, రోడ్డు వెడల్పును బట్టి 3 మీటర్లు లేదా 4.5 మీటర్లు రెండు వైపులా. దాన్నే స్ప్లే అంటారు. 3 మీటర్లకు దాదాపు ఐదున్నర గజాలు, 4.5 మీటర్లకు పన్నెండు గజాలు తగ్గుతాయి. ఆ కోత వల్లే అటు నుంచి వచ్చే బండి ఇటు వచ్చేవాడికి కనిపిస్తుంది.

చేను హద్దు వంకరగా ఉంటే ఆ వంకరను ఒకే వరుస చివరికి నెట్టండి, ప్రతి ప్లాటుకు పంచకండి. ఈశాన్యం పెరిగేలా సర్దగలిగితే ఆ ప్లాటు ముందే అమ్ముడుపోతుంది.

నేల కింద

రోడ్డు వేశాక తవ్వకూడదంటే పైపులు ముందే ప్లానులో ఉండాలి. మంచినీటి పైపు ఒక పక్క, మురుగు పైపు రెండో పక్క, రెంటి మధ్య కనీసం 3 మీటర్లు. ఓవర్‌హెడ్ ట్యాంకు ఎత్తు మూలన, మురుగు శుద్ధి చోటు పల్లపు మూలన. ట్యాంకు ఎంత? మనిషికి రోజుకు 135 లీటర్లు లెక్క. 63 ఇళ్లు, ఇంటికి ఐదుగురు అంటే 42,500 లీటర్లు. కానీ ఇంటికి మూడు వాటాలు వచ్చిన రోజున అది లక్షా ఇరవై ఏడు వేలు. ట్యాంకు చిన్నదే కట్టినా, రెండోదానికి పక్కన చోటు, పైపుకు తగిన సైజు ఇప్పుడే ఉంచండి.

కాగితాలు

ఇది క్లుప్తంగా చెబుతాను. వ్యవసాయ భూమిగా ఉన్నదాన్ని ఇంటి స్థలాలకు వాడటానికి మీ రాష్ట్రంలో ఇప్పుడు ఏ పద్ధతి ఉందో ముందు తెలుసుకోండి. డీటీసీపీ (రాష్ట్ర పట్టణ ప్రణాళిక శాఖ) లేదా మీ అభివృద్ధి సంస్థ ముందు తాత్కాలిక అనుమతి ఇస్తుంది, 15 శాతం ప్లాట్లు మార్టిగేజ్ చేయించుకుంటుంది. రోడ్లు, కాలువలు, నీళ్లు, కరెంటు పూర్తయ్యాక చివరి అనుమతి, మార్టిగేజ్ విడుదల. రోడ్లు, పార్కు పంచాయతీకో మునిసిపాలిటీకో గిఫ్ట్ డీడ్ రాసి ఇవ్వాలి. 500 చదరపు మీటర్లు గానీ ఎనిమిది ప్లాట్లు గానీ మించితే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదు కావాలి, అది వచ్చేదాకా ప్రకటన ఇవ్వకూడదు, అడ్వాన్సు పుచ్చుకోకూడదు.

అనుమతి లేకుండా అమ్మితే బాధపడేది కొన్నవాళ్లే. తెలంగాణలో 2020 లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం ఎల్‌ఆర్‌ఎస్‌లో, పార్కు వదలని వెంచర్లలో ప్లాటు కొన్నవాళ్లు క్రమబద్ధీకరణ రుసుముతో పాటు ఆ ఖాళీ స్థలం లోటుకు ప్లాటు విలువలో 14 శాతం కట్టాల్సి వచ్చింది. వదలనిది ఒకరు, కట్టింది ఇంకొకరు.

నేల మీద ముగ్గు

ప్లాను చేతికొచ్చాక రాళ్లు పాతే ముందు వీధులన్నిటికీ ముగ్గు పోయించండి. మూలమట్టం చూడటానికి తాడుతో 30, 40, 50 అడుగుల ముక్కోణం చాలు. 36 బై 50 ప్లాటుకు మూల నుంచి మూలకు 61 అడుగుల 7 అంగుళాలు రావాలి. తర్వాత ఇటుకల లారీ ఒకటి పిలిచి ముగ్గు గీతల మధ్య తిప్పించండి. ఏ మలుపులో టైరు గీత దాటుతుందో అక్కడ కోత పెంచాలి. ముగ్గు చెరిపి మళ్లీ పోయడానికి ఒక పూట పడుతుంది, అంతే. మీ ఇంట్లో ఆడవాళ్లను, పిల్లల్ని తీసుకొచ్చి ఆ వీధుల్లో నడవమనండి. పార్కు దగ్గర నిలబడి ఏమనిపిస్తుందో అడగండి. నేను గీసిన ప్లాన్లలో మూడు మంచి మార్పులు అలా వచ్చినవే.

అన్నీ సరిపోయాక రాళ్లు పాతండి. రెండడుగులు నేలలో దిగాలి, పైన ప్లాటు నంబరు చెక్కాలి. ప్రతి మూల రాయికి, ఉపగ్రహాల సాయంతో చోటును కచ్చితంగా చెప్పే డీజీపీఎస్ రీడింగ్ తీయించి, ఆ పట్టిక ఒక కాపీ మీ దగ్గర, ఒకటి కాలనీ సంఘం దగ్గర ఉంచండి. ట్రాక్టరు తగిలి రాయి కదిలినా, ఆ అంకెలుంటే మళ్లీ అదే చోట పాతుకోవచ్చు.